మిత్రలాభమున విజాతి మైత్రి

కాకికిని ఎలుకకును స్నేహ మెట్లు పొసగును? ఒకటి తినునది, మఱియొకటి తినబడునది. ఈ ప్రశ్నను మొట్టమొదట వేసినవాడు విమర్శకుడు కాడు. కథలోని ఎలుకయే వేసినది. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను చదివిన వారందఱకును ఆ ఘట్టము గుర్తుండవలెను. కాని మా అనుభవమున చాలమందికి గుర్తుండునది కథ చివరి భాగము మాత్రమే. బోయవాని చేతజిక్కిన తాబేలును జింక, కాకి, ఎలుక కలిసి విడిపించుట జ్ఞాపక ముండును. ఆ నలుగురును స్నేహితు లగుటకు ముందు జరిగిన వాదము జ్ఞాపక ముండదు. గ్రంథమునకు ప్రాణమంతయు ఆ వాదముననే యున్నదని మా అభిప్రాయము. దానిని నిరూపించుటకే ఈ వ్యాసము.

నీతిచంద్రిక 1853వ సంవత్సరమున వెలువడినది. అందు మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములను మాత్రమే సూరి రచించెను. తక్కిన విగ్రహమును, సంధిని తరువాత కందుకూరి వీరేశలింగముగారు తెనిగించిరి. పంచతంత్రము తెలుగున పద్యరూపమున అంతకు మునుపే యున్నది. దూబగుంట నారాయణకవియు, బైచరాజు వేంకటనాథుడును రచించిన కావ్యములను పండితు లెఱుగుదురు. కాని బడిపిల్లవాని చేతికి అందినది సూరి వచనమే. బాలవ్యాకరణమును 1858లో వెలువరించిన ఆ పండితుడు వ్రాసిన వచనమును తరతరముల విద్యార్థులు వల్లెవేసిరి. వ్యావహారికభాషావాదులు దానిని ఎంత ఖండించినను, దాని పట్టు నెవ్వరును కాదనలేదు.

మన సౌకార్‌పేటవారికి ఈ గ్రంథముతో మఱియొక బంధుత్వము కలదు. సూరి పచ్చయప్ప వారి పాఠశాలలో తెలుగు చెప్పెను. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో పండితు డయ్యెను. ఎస్ప్లనేడున, నేడు నేతాజీ సుభాస్ చంద్ర బోసు రోడ్డుగా పిలువబడు త్రోవన, పచ్చయప్ప భవనము నేటికిని స్తంభములతో నిలిచియున్నది. అదే త్రోవన వావిళ్ళ రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారి పుస్తకశాల యుండెడిది. టంకసాల వీధి నుండి ఆ రెండు చోటులకును నడిచిపోవచ్చును. అనగా తెలుగు వచనమునకు దారి వేసిన గ్రంథము పరదేశమున పుట్టినది కాదు. మన వీధుల ప్రక్కనే పుట్టినది. మూర్ మార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతి యగువఱకు, అచ్చటి పాతపుస్తకముల అంగళ్ళలో నీతిచంద్రిక ప్రతులు కొలది నాణెములకే దొరకెడివి. కచేరి గుమాస్తాలమైన మాబోటివారము జీతము వచ్చిన వారమున అచ్చటనే మా గ్రంథాలయములను కూర్చుకొంటిమి.

ఇక కథకు వత్తము. గోదావరీతీరమున ఒక బూరుగుచెట్టుతో కథ మొదలగును. ఆ చెట్టుపై లఘుపతనక మను కాకి యుండును. వేటకాడు నూకలు చల్లి వల పన్నగా చిత్రగ్రీవు డను పావురాలరాజు పరివారముతో చిక్కుకొనును. పక్షులన్నియు ఒక్కుమ్మడి వలతో కూడ ఎగిరిపోయి, హిరణ్యకు డను ఎలుక యొద్ద దిగును. హిరణ్యకుడు మొదట తన మిత్రుని బంధములే కొఱుకబోగా, ముందు నా పరివారమును విడిపింపు మని చిత్రగ్రీవుడు పట్టుపట్టును. కాకి దూరమునుండి ఇదంతయు చూచును. చూచి, ఇట్టి ఎలుకతో స్నేహము చేయవలె నని కోరును. గమనింపుడు: కాకికి స్నేహబుద్ధి కలిగినది ఎలుక మాటలు విని కాదు, రూపము చూచి కాదు, అది ఇతరుల కొఱకు పనిచేయుట కన్నులార చూచి. పరిచయమునకు పూర్వము సాక్ష్య మున్నది.

అయినను హిరణ్యకుడు ఒప్పుకొనడు. కన్నములోనుండియే మాటలాడును. ఆ కన్నమునకు నూఱు ద్వారములు. ప్రాణభయము గలవాని ఇల్లది. నీవు భోక్తవు, నేను భోజ్యమును. మనకు పొత్తెట్టిది యని అది సూటిగా అడుగును. సాధారణముగా నీతికథలయందు బలహీనుడు మంచి మాటలకు కరగిపోవును. ఇచ్చట అట్లు కాదు. ఎలుక తన భయమును దాచుకొనలేదు, సిగ్గుపడలేదు, మర్యాదకై నవ్వనులేదు. కాకియు ఆ భయమును అవమానముగా భావింపలేదు. నీ వాకిట ఉపవాసముండి ప్రాణము విడిచెదను గాని స్నేహము లేక పోను అనినది. బలవంతుడు బలహీనుని వాకిట వేచియుండుటయే ఈ ఘట్టములోని విశేషము. పిలుపు బలవంతునిది, అంగీకారము బలహీనునిది. ఈ వరుస తాఱుమాఱైన చోట స్నేహము ఉండదు, ఆశ్రయము మాత్రమే యుండును.

ఇదంతయు కవికల్పన గాక నిజమున కలదా యని చదువరులు అడుగవచ్చును. 2004 డిసెంబరు 26వ తేదీన మన మెరీనాతీరమును ముంచిన సునామీయే ఆఫ్రికాలోని కెన్యా తీరమును కూడ తాకినది. అచ్చట గుంపునుండి వేఱుపడిన ఒక నీటిగుఱ్ఱపు పిల్లను జనులు సముద్రమునుండి రక్షించి మొంబాసా చెంత హాలర్ పార్కునకు చేర్చిరి. దానికి ఓవెన్ అని పేరు పెట్టిరి. అది అచ్చటి మ్జీ అను ముసలి తాబేలును ఆశ్రయించినది. ఆ తాబేలు వయసు నూటముప్పది యేండ్లని అంచనా. మొదట తాబేలు బుసకొట్టి తొలగిపోయెను. పిల్ల విడువలేదు. కొన్ని దినములకు రెండును కలిసి తిని, కలిసి ఈది, కలిసి నిద్రించినవి. ఆ చిత్రములు లోకమంతట అచ్చైనవి. తరువాతి కాలమున ఓవెనును తన జాతి తోడుతో కలిపిరి. ఇచ్చటను మొదట నిరాకరణము, పిదప ఓపిక, ఆపైన సాహచర్యము. ఈ క్రమమును నీతిచం్ద్రిక చదివినవారు వెంటనే గుర్తింతురు.

శాస్త్రజ్ఞు లిట్టి కథలను చూచి తొందరపడవలదని హెచ్చరింతురు. అది న్యాయమే. పెక్కు విజాతి స్నేహములు బోనులలోను, పెంపుడు తావులలోను, తల్లిని కోల్పోయిన పిల్లల విషయమున పుట్టుచున్నవి. అడవిలో కనబడు పొత్తులు చాలవఱకు ప్రయోజనమూలకములు. మన దేశపు అడవులలో చెట్లపై కొండముచ్చులు, క్రింద చుక్కలదుప్పులు చేరి యుండును. కొండముచ్చులు రాల్చిన ఆకులు, కాయలు దుప్పులకు ఆహారము. పులి వచ్చిన యెడల ఎవరు ముందు కూసినను రెండు జాతులును జాగ్రత్తపడును. అంత దూర మేల? మన సౌకార్‌పేట వీధులలో తీరికగా పరున్న ఆవు వీపుపై కాకి వ్రాలి పురుగులను ఏఱుకొనుట ఎవరు చూడలేదు? ఆవు చెవి యాడించును గాని తఱుమదు. దీనిని స్నేహ మనవలెనా, లావాదేవి యనవలెనా?

సూరి గ్రంథము ఈ రెంటికిని నడుమ గోడ కట్టలేదు. కాకికి ఎత్తునుండి చూచు కన్ను కలదు, ఎలుకకు పంటిబలము, జింకకు పరుగు, తాబేలునకు మడుగు. బోయవాడు తాబేలును కట్టుకొనిపోవుచుండగా, జింక మడుగుగట్టున చచ్చినదానివలె పడియుండెను. కాకి దాని తలపై వ్రాలి పొడుచుచున్నట్లు నటించెను. బోయవాడు తాబేలును నేల దింపి జింకకై పరుగెత్తెను. ఆ సందున ఎలుక బంధములను కొఱికెను. తాబేలు నీట మునిగెను, జింక లేచి పాఱెను. ఈ ఉపాయమున ఒక్కరైనను తమ జాతిలక్షణమును విడువలేదు. కాకి పొడిచినట్లు నటించుట కాకిపనియే. ఎలుక కొఱుకుట ఎలుకపనియే. అందఱును కాకులై యుండినచో తాబేలునకు విడుదల లేదు. స్నేహమున కొఱకు ఒకరు మఱొకరివలె మాఱవలె నను తలంపు ఈ కథలో ఎచ్చటను లేదు. ప్రయోజన మున్నది నిజమే. కాని ప్రయోజనమునకు ముందే స్నేహ మున్నది. తాబేలు పట్టుబడక మునుపు ఆ నలుగురును ప్రతిదినము మడుగుగట్టున చేరి కబుర్లాడుచుండిరి. ఆపదకు ముందటి ఆ మాటలే ఆపదవేళ పనికివచ్చినవి.

వర్తకుల పేటలో నివసించు మనకు హిరణ్యకుని పూర్వకథ మఱింత దగ్గఱ. అది మునుపు చూడాకర్ణు డను సన్న్యాసి మఠమున కన్నము చేసికొని చాల కూడబెట్టినది. ఆ నిధి బలముచేతనే ఎత్తున కట్టిన భిక్షాపాత్రకు ఎగురగలిగెడిది. సన్న్యాసి కన్నము త్రవ్వి నిధిని గైకొనగానే ఎలుకకు ఎగురు శక్తి పోయెను; వెంటనున్న పరిజనమును విడిచిపోయెను. అప్పుడు పోయినవారు స్వజాతివారు; పిమ్మట దొరకినవారు విజాతివారు. సూరి ఈ మాటను ఎత్తి చూపడు. కాని రెండు కథలను ప్రక్కప్రక్కన నిలిపినవారికి అది కనబడక మానదు. ఒక జాతివార మగుటయే స్నేహమునకు చాలు నను నమ్మకమును మిత్రలాభము మెల్లగా త్రోసిపుచ్చుచున్నది.

మిత్రభేదమును దీని చెంత నుంచి చదువవలెను. మూలమైన పంచతంత్రమున మిత్రభేదమే మొదటిది. హితోపదేశమున వలె సూరి మిత్రలాభమును ముందుంచెను. అందుచే చదువరి కట్టిన ఇంటిని ముందు చూచి, కూలిన ఇంటిని పిదప చూచును. వర్ధమాను డను వర్తకుడు కాలు విఱిగిన సంజీవక మను ఎద్దును అడవిలో విడిచిపోవును. అది కోలుకొని ఱంకె వేయగా, పింగళకు డను సింహము భయపడును. దమనకు డను నక్క నడుమ నిలిచి ఇద్దఱిని చేర్చును. ఆ నక్కయే కొండెములు చెప్పి ఇద్దఱిని విడదీయును. సింహము ఎద్దును చంపును. కాకి ఎలుకల స్నేహము నిలిచి, సింహవృషభముల స్నేహ మేల చెడినది? మాకు తోచిన కారణ మొక్కటియే. కాకియు ఎలుకయు కన్నము వాకిట ముఖాముఖి మాటలాడుకొనిరి. తమ నడుమనున్న భయమును పేరుపెట్టి చెప్పుకొనిరి. సింహమును ఎద్దును అట్లు ఒక్కనాడును చెప్పుకొనలేదు. సింహము తన భయమును దాచెను; ఎద్దు తన అనుమానమును దాచెను. దాచిన భయమే దమనకునకు పెట్టుబడి యయ్యెను.

కెన్యాలోని సాంబురు అభయారణ్యమున 2002లో ఒక ఆడసింహము ఓరిక్స్ అను జింకజాతి దూడను చంపక తన బిడ్డవలె వెంటబెట్టుకొని తిరిగెను. దానిని కమున్యాక్ అని పిలిచిరి. సుమారు రెండు వారములు అది ఆకలితోనే కాపలా కాచెను. తుదకు ఒక మగసింహము ఆ దూడను చంపెను. ఆ యేడే ఆ ఆడసింహము మఱికొన్ని దూడలను చేరదీసెను. ఇది లోకమున జరిగిన మిత్రభేదము. ఇద్దఱి నడుమ ప్రేమ యున్నంత మాత్రమున చాలదు. చుట్టునున్న వారును దానిని ఒప్పవలెను.

విజాతి మైత్రి ఎల్లయెడల మేలే యని మేము చెప్పుట లేదు, గ్రంథమును చెప్పలేదు. జింకతో నక్క చేసిన కపటస్నేహమును, ముసలిగ్రద్ద కోటరమున చేరి పక్షిపిల్లలను తిన్న పిల్లికథను సూరి వదలలేదు. భారతమున, తిక్కన తెనిగించిన శాంతిపర్వమున, భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన మార్జాలమూషికముల కథ ఇంతకంటె నిశితము. వలలో పడిన పిల్లితో ఎలుక ఒడంబడిక చేసికొని తన శత్రువులనుండి తప్పించుకొనును; వేటకాడు సమీపించు వఱకు ఆగి, అప్పుడే పిల్లి కట్లు కొఱుకును. ఆపైన పిల్లి స్నేహమునకు పిలిచినను పోదు. పని తీఱినది, పొత్తు తీఱినది. మిత్రలాభపు ఎలుకయు, శాంతిపర్వపు ఎలుకయు రెండును బుద్ధిమంతులే. ఎదుటివాని నడవడిని ఒకటి కన్నులార చూచినది. మఱియొకటి అవసరమును మాత్రమే చూచినది.

ఇక గ్రంథమున మాకు నచ్చని సంగతులు కొన్ని. ఎలుక మొదలు జింక వఱకు అందఱును ఒకే శాస్త్రులవారి గొంతుతో మాటలాడుదురు. ప్రాణాపాయమున గూడ దీర్ఘసమాసములు సడలవు. మిత్రగణమున స్త్రీజంతు వొక్కటియు లేదు. వీనికంటె పెద్దలోపము పిల్లి గ్రద్దల కథలోని నీతి. కులశీలములు తెలియనివానికి తావీయరాదని ఆ కథ బోధించును. జింకతో కాకి ఆ కథను చెప్పి, నక్కను నమ్మవలదనును. హితోపదేశమున నక్క అప్పుడొక ఎదురు మాట వేయును: తొలినాడు ఈ జింకకు నీవును తెలియనివాడవే గదా యని. చెప్పినవాడు దుష్టుడే, మాట మాత్రము సత్యము. దానికి కథలో సరియైన జవాబు రాదు. నక్క దుష్టుడని తేలుటతో ప్రశ్నయే మఱవబడును. ఈ పట్టణమున స్థిరపడిన మన పూర్వులును ఒకనాడు కులశీలములు తెలియని క్రొత్తవారే. మనకు తావిచ్చినవారు ఆ నీతినే పట్టుకొని కూర్చుండినచో, మన కథ మొదటి పుటలోనే ముగిసియుండును. కావున ఈ నీతిని ఎలుక నడవడిచే సరిదిద్దుకొని చదువవలెను: తెలియనివానిని త్రోసివేయుట కాదు, తెలిసికొనువఱకు కన్నములోనుండి మాటలాడుట.

మనకు సమీపమున నున్న శ్రీకాళహస్తిక్షేత్ర మాహాత్మ్యమును గూడ ఇచ్చట తలపవలెను. ధూర్జటి కావ్యముగా రచించిన ఆ కథలో పాము శివలింగమునకు మణులు సమర్పించును. ఏనుగు వచ్చి వానిని త్రోసి, నీరు చల్లి, పత్రి పెట్టును. పాము ఆ పత్రిని త్రోసి మరల మణులు పెట్టును. ఒకరి పూజ మఱొకరికి చెత్త. తుదకు పాము తొండమున దూరెను, ఏనుగు తల బాదుకొనెను, రెండును మరణించినవి. శివుడు ఇద్దఱికిని ముక్తి నిచ్చెను. భక్తులు దానిని కొనియాడుదురు, మేమును కొనియాడుదుము. కాని విమర్శకుని కన్నుతో చూచినచో, ఒకే దైవమును కొలిచిన రెండు జీవులు ఒక్క మాటయైన ఆడుకొనక చచ్చిన కథ యిది. పగటివేళ ఒక్కనాడు ఇద్దఱును కలిసికొనియుండిన యెడల, మణులకును పత్రికిని ఆ లింగముపై చోటు లేకపోయెనా?

మన పేటలో తమిళులు, గుజరాతీలు, మార్వాడీలు, తెలుగువారు ఇరుగుపొరుగులుగా బ్రదుకుచున్నాము. కన్యకాపరమేశ్వరి కొలువు చెంత కొత్వాల్ చావడిలో అందఱును కూరగాయలు బేరమాడిరి. 1996లో ఆ టోకుబజారు కోయంబేడునకు తరలువఱకు ఆ చావడిలో వినబడని భాష లేదు. తెల్లవాఱగానే జైనసోదరులు పావురములకు గింజలు చల్లుచుందురు. ఆ గింజల వెనుక వల లేదు. ఇది మిత్రలాభమునకు అనుకూలమైన నేల.

అయినను ఒక ప్రమాదము కనబడుచున్నది. నేటి బొమ్మల పుస్తకములలో ఈ కథ నాలుగు పుటలకు కుదింపబడుచున్నది. మొదటి పుటలో నలుగురు మిత్రులుందురు; చివరి పుటలో బోయవాడు తెల్లబోవును. ఎలుక నిరాకరణము లేదు, కాకి ఉపవాసము లేదు, పోయిన నిధి లేదు. స్నేహము పుట్టుకతోనే వచ్చినట్లును, దానికి ఖర్చేమియు లేనట్లును పిల్లలు నేర్చుకొనుచున్నారు. అట్టి పాఠము మొదటి అనుమానమునకే కూలిపోవును. కావున సంక్షేపములు చేయువారికి మా మనవి యొక్కటి: బోయవానిని తీసివేసినను సరే, కన్నము వాకిటి వాదమును మాత్రము తీసివేయకుడు.

రెండవ మనవి గృహస్థులకు. 2006 నాటి చట్టముతో తమిళనాడు పాఠశాలలలో తమిళము క్రమముగా తప్పనిసరి పాఠమైనది. తెలుగు బిడ్డలు తమిళము చక్కగా నేర్వవలెను. ఈ నేల భాష నేర్వనివాడు కన్నము విడిచి వెలుపలికి రాని ఎలుక వంటివాడు. కాని వెలుపలికి వచ్చిన హిరణ్యకుడు కాకివలె అఱచుట నేర్చి తన పండ్లను పోగొట్టుకొనలేదు. పోగొట్టుకొనియుండినచో తాబేలు కట్లను ఎవరు కొఱికియుందురు? మన ఇండ్లలో తెలుగు చదువు నిలుపుట పొరుగువారికి దూర మగుటకు కాదు. వారికి ఆపద వచ్చిననాడు మనకు మాత్రమే చేతనైన పని యొకటి మనయొద్ద మిగులుటకు. రాత్రి భోజనములైన పిమ్మట పిల్లలను కూర్చుండబెట్టి నీతిచంద్రికలోని ఒక్కొక్క పుట చదివింపుడు. సమాసము కఠినమైన చోట పెద్దలు విప్పి చెప్పుడు. ఎలుక వేసిన ప్రశ్న వచ్చినప్పుడు తొందరపడి జవాబు చెప్పకుడు, పిల్లలనే చెప్పనిండు.